పేర్ల పట్టీయే ముక్కలైనప్పుడు

కంప్యూటరు పాతబడే కొద్దీ నెమ్మదిస్తుందన్నది అందరికీ అనుభవమే. ఆ నెమ్మదికి వైరసునో, చాలీచాలని మెమరీనో, కరెంటు హెచ్చుతగ్గులనో తప్పుపట్టడం కూడా పరిపాటే. అయితే తిరిగే పళ్లేలున్న హార్డ్ డిస్కు మీద విండోస్ నడిచే యంత్రాల్లో వీటన్నిటికీ తోడు మరొక కారణం పనిచేస్తూ ఉంటుంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పవలసిన ఫైళ్లే డిస్కు మీద చెల్లాచెదురు కావడం ఆ కారణం. అవి తెర మీద కనిపించవు కనుక వాటి స్థితి ఎవరి దృష్టికీ రాదు.

ఈ సంగతిని అర్థం చేసుకోవడానికి ఖరగ్‌పూర్‌లోని మలంచా పేటలో అరువు మీద సరుకులిచ్చే ఒక కిరాణా దుకాణాన్ని ఊహించుకుంటే చాలు. రైల్వే జీతం చేతికి అందిన రోజున బాకీ తీర్చే కుటుంబాలు ఆ దుకాణానికి చాలా ఉంటాయి కనుక, దుకాణదారు ఏ రోజు ఇచ్చిన సరుకు ఆ రోజే చిట్టాలో రాసుకుని, తరువాత తీరిక చూసుకుని ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వారి పద్దు ఎక్కిస్తాడు. ఆవర్జా మొదటి కాగితాల మీద పేర్ల పట్టీ ఉంటుంది. ఏ పేరు వారి ఖాతా ఏ పుటలో ఉందో అది చెబుతుంది. ఒకరి పుట నిండిపోయి, పక్క పుట అప్పటికే మరొకరిది అయివుంటే, అడుగున "మిగతా 87వ పుటలో" అని రాసి, ఖాతాను అక్కడ కొనసాగించవలసి వస్తుంది. ఆ ఖాతాదారు వచ్చినప్పుడు నాలుగు కాగితాలు ఎక్కువ తిప్పాలి. అంతకు మించి నష్టం లేదు.

ఇప్పుడు పేర్ల పట్టీకే చోటు చాలకపోతే ఏమవుతుందో ఆలోచించాలి. ముందు కాగితాలు నిండిపోయాయి, వాటి వెనుకే ఖాతాలు మొదలైపోయాయి కనుక, పట్టీలో కొంత 140వ పుటలోకి, మరికొంత 212వ పుట అడుగున మిగిలిన జాగాలోకి, ఇంకొంత అట్ట లోపలి వైపుకు వెళ్లిపోతుంది. ఇక దుకాణంలోకి ఎవరు వచ్చినా ముందు వారి పేరు పట్టీలో ఏ ముక్కలో ఉందో వెతకాలి, ఆ తరువాతే వారి ఖాతా తెరవాలి. ఒక ఖాతా ముక్కలైతే ఆ ఒక్క మనిషి నిలబడతాడు. పట్టీ ముక్కలైతే వచ్చిన ప్రతి మనిషీ నిలబడతాడు. ఈ ప్రసంగంలో ప్రధానమైన మాట ఇదే కనుక మరోసారి చెప్పుకోవడం తప్పు కాదు: మామూలు ఫైలు ముక్కలైతే దాని ఆలస్యం దానిదే, పట్టీ ఫైలు ముక్కలైతే ఆలస్యం అన్నిటిదీ.

కంప్యూటరులో ఈ పట్టీకి మాస్టర్ ఫైల్ టేబుల్ అని పేరు. మైక్రోసాఫ్టు సంస్థ 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో పాటు ప్రవేశపెట్టిన ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చి తిరిగి వెతికిపెట్టే ఏర్పాటులో, ఇది గుండెకాయ వంటిది. డిస్కు మీద ఉన్న ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డరుకూ ఈ టేబులులో కనీసం ఒక రికార్డు ఉంటుంది. ఆ రికార్డు పరిమాణం సాధారణంగా 1 కిలోబైటు. ఫైలు పేరు, తేదీలు, ఎవరు తెరవవచ్చునన్న అనుమతులకు సంబంధించిన గుర్తు, ఫైలులోని సమాచారం డిస్కు మీద ఏ చోటు నుంచి ఏ చోటు దాకా ఉందన్న చిరునామాలు అందులో ఉంటాయి. చాలా చిన్న ఫైలైతే, సుమారు 700 బైట్ల లోపుదైతే, దాని చిరునామా రాయడానికి బదులు ఆ ఫైలులోని సమాచారమంతా ఆ రికార్డులోనే ఇమిడిపోతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది కనుక, రెండు వందల పైచిలుకు సంకేతాల చిన్న తెలుగు చీటీ ఒకటి నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటే అది పట్టీలోనే ఉండిపోతుంది, డిస్కులో వేరే చోటు అడగదు.

తెలుగు ప్రస్తావన వచ్చింది కనుక ఒక సందేహం ఇక్కడే తీర్చుకోవచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పెళ్లి ఫొటోలకూ పత్రాలకూ తెలుగులోనే పేర్లు పెట్టుకునేవారున్నారు. తెలుగు పేర్లు పెడితే కంప్యూటరు బరువెక్కుతుందన్న అపోహ కూడా ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైళ్ల పేర్లను యూటీఎఫ్-16 పద్ధతిలో దాస్తుంది. అందులో తెలుగు సంకేతానికైనా ఇంగ్లీషు అక్షరానికైనా 2 బైట్లే. "లక్ష్మి" అన్న పేరులో ఒత్తులు, గుణింతాలు కలుపుకుని 7 సంకేతాలున్నాయి, ఇంగ్లీషు వర్ణక్రమంలో రాసినా 7 అక్షరాలే. రెండూ సరిగ్గా 14 బైట్లు. కనుక తెలుగులో పేరు పెట్టుకున్నందుకు పట్టీకి వచ్చే చెప్పుకోదగిన అదనపు భారమేమీ లేదు.

మాస్టర్ ఫైల్ టేబుల్ తనంతట తాను ఒక ఫైలే. ఆ టేబులులో మొదటి రికార్డు టేబులుది, అంటే పట్టీలో మొదటి పేరు పట్టీదే. మొదటి 16 రికార్డులు ఇటువంటి అంతర్గత ఫైళ్లకు కేటాయించి ఉంటాయి. వాటి పేర్లు చాలా వరకు డాలరు గుర్తుతో మొదలవుతాయి. వాటిలో ఒకటి ఈ టేబులు మొదటి నాలుగు రికార్డులకు నకలు. ఇంకొకటి లాగ్‌ఫైల్, ఇది దుకాణదారు చిట్టా చేసే పనే చేస్తుంది, అంటే చేయబోయే మార్పును ముందుగా తనలో నమోదు చేసుకుని, మధ్యలో కరెంటు పోయినా ఎక్కడ ఆగిందో చూసి సరిదిద్దే వీలు కల్పిస్తుంది. మరొకటి బిట్‌మ్యాప్, డిస్కులోని క్లస్టర్లలో, అంటే సాధారణంగా 4 కిలోబైట్ల చొప్పున విభజించిన గదుల్లో, ఏది నిండిందో ఏది ఖాళీయో ఒక్కో గదికి ఒక్క బిట్ చొప్పున అది గుర్తుంచుకుంటుంది. 500 గిగాబైట్ల డిస్కులో అటువంటి గదులు 12 కోట్ల 20 లక్షలకు పైగా ఉంటాయి కనుక, బిట్‌మ్యాప్ ఒక్కటే 15 మెగాబైట్లు దాటుతుంది.

దాగి ఉండడంలోనూ రెండు రకాలున్నాయని శ్రోతలు గమనించాలి. మెమరీ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్‌ఫైల్, యంత్రాన్ని హైబర్నేట్ చేసినప్పుడు మెమరీని దాచే హైబర్‌ఫిల్ వంటివి మొదటి రకం. సెట్టింగుల్లో దాచిన ఫైళ్లను, రక్షిత సిస్టమ్ ఫైళ్లను చూపమని కోరితే అవి కనిపిస్తాయి. మాస్టర్ ఫైల్ టేబుల్, బిట్‌మ్యాప్, లాగ్‌ఫైల్ రెండో రకం. ఎన్ని టిక్కులు పెట్టినా తీసినా ఎక్స్‌ప్లోరర్ కిటికీలో అవి కనిపించవు. ఫైళ్ల పరిమాణాలన్నీ కూడితే వచ్చే మొత్తానికీ, డిస్కులో నిండినట్టు చూపే మొత్తానికీ పొంతన కుదరకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

ఇక ముక్కలైతే కలిగే నష్టం ఎంతో లెక్కవేసి చూడవచ్చు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు ఒక్క చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. చదివే హెడ్ కావలసిన వలయం మీదికి జరగడానికి సగటున 8 నుంచి 9 మిల్లీసెకన్లు, ఆ తరువాత కావలసిన చోటు హెడ్ కిందికి తిరిగి వచ్చేదాకా సగటున అర చుట్టు, అంటే మరో 4 మిల్లీసెకన్లు పడతాయి. ఒక ముక్క నుంచి మరో ముక్కకు దూకిన ప్రతిసారీ సుమారు 12 మిల్లీసెకన్లు పోతాయన్నమాట. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో ఆగకుండా చదివితే అదే 12 మిల్లీసెకన్లలో వెయ్యికి పైగా రికార్డులు చదవవచ్చు. అంటే పట్టీలో ఒక్క దూకుడుకు అయ్యే ఖర్చుతో వెయ్యి ఫైళ్ల వివరాలు చదివి ముగించవచ్చు.

డిస్కు మీది ముక్కలను కలిపే డీఫ్రాగ్మెంటేషన్ సాఫ్ట్‌వేర్లు అమ్మేవారు ఈ లెక్కనే చూపించి భయపెట్టిన రోజులున్నాయి. ఆ భయంలో సగమే నిజం. విండోస్ ఒకసారి చదివిన పట్టీ భాగాలను మెమరీలో ఉంచుకుంటుంది కనుక, పని మధ్యలో ఈ నష్టం అంతగా తెలియదు. యంత్రం మొదలైనప్పుడు, వేల ఫైళ్లున్న ఫోల్డరును ఆ రోజు మొదటిసారి తెరిచినప్పుడు, యాంటీవైరస్ డిస్కంతా గాలించినప్పుడు, పోయిన పత్రం కోసం వెతికినప్పుడు మాత్రం తెలుస్తుంది.

పట్టీ ముక్కలు కావడానికి దారి ఎలా ఏర్పడుతుందన్నదే ఇందులో అసలైన విషయం. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను రూపొందించినవారు ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి, పట్టీ పక్కన కొంత జాగాను దాని పెరుగుదల కోసం ఖాళీగా ఉంచే ఏర్పాటు చేశారు. విండోస్ ఎక్స్‌పీ వరకు ఆ జాగా డిస్కు భాగంలో 12.5 శాతం ఉండేది. 500 గిగాబైట్లలో అది 62.5 గిగాబైట్లు. దాని తరువాతి సంచికైన విస్టా నుంచి అంత పెద్ద జాగాను ఒకేసారి పక్కనపెట్టకుండా 200 మెగాబైట్ల చొప్పున కేటాయిస్తున్నారు. ఏ పద్ధతిలోనైనా ఆ జాగా కేవలం మర్యాదగా వదిలిపెట్టినదే, పట్టా రాసి ఇచ్చినది కాదు. మిగతా డిస్కు నిండిపోతే విండోస్ ఆ జాగాలో కూడా మామూలు ఫైళ్లను కూర్చోబెడుతుంది. ఆ తరువాత పట్టీ పెరగవలసి వస్తే, పక్కన చోటు లేదు కనుక, దొరికిన చోటల్లా ముక్కలుగా పెరుగుతుంది. అవసరం తీరాక మామూలు ఫైళ్లను తీసేసినా, అప్పటికే దూరంగా పడిన పట్టీ ముక్కలు తమంతట తాము వెనక్కి వచ్చి కలవవు.

దీనికి తోడు పట్టీ పెరగడమే తప్ప తరగడం తెలియనిది. లక్ష ఫైళ్లు తీసేసినా ఆ లక్ష రికార్డులు ఖాళీ అని గుర్తు పడుతుందే గాని పట్టీ కుదించుకుపోదు. కొత్త ఫైళ్లు వచ్చినప్పుడు ఆ రికార్డుల్లోనే చేరతాయి.

మలంచా వంటి పేటలో జిరాక్సు, పాస్‌పోర్టు ఫొటో, ఆన్‌లైన్ దరఖాస్తులు అన్నీ ఒకే బల్ల మీద జరిగే దుకాణంలోని కంప్యూటరు ఈ జబ్బుకు తగిన ఇల్లు. ఒక్క సినిమా ఫైలు 2 గిగాబైట్లున్నా పట్టీలో అది ఒక రికార్డే. ఒక్కో రైల్వే ఉద్యోగ దరఖాస్తుకు మాత్రం ఫొటో, సంతకం, ఆధార్ స్కాను, మార్కుల జాబితా, కత్తిరించి సైజు తగ్గించిన వాటి నకళ్లు అన్నీ కలిసి డజను చిన్న ఫైళ్లవుతాయి. నోటిఫికేషన్ వచ్చిన నెలలో అటువంటివి వేల సంఖ్యలో చేరతాయి, డెస్క్‌టాప్ మీదే ఉండిపోతాయి, సి డ్రైవు ఎర్రగీత దాకా నిండుతుంది. పట్టీ పెరగడం, డిస్కు నిండడం రెండూ ఒకేసారి జరగడం వల్ల ముక్కలు కావడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు.

ముక్కలు మితిమీరితే వేగమే కాక వేరొక చిక్కు కూడా వస్తుంది. ఒక ఫైలు ఎన్నో ముక్కలైనప్పుడు ఆ ముక్కల చిరునామాలు 1 కిలోబైటు రికార్డులో పట్టవు. అప్పుడు అదనపు రికార్డులు తీసుకుని, అవి ఎక్కడెక్కడున్నాయో చెప్పే మరో జాబితా రాయవలసి వస్తుంది. ఆ జాబితాకూ ఒక హద్దుంది. ఆ హద్దు దాటితే డిస్కులో చోటున్నా ఫైలు పెరగదు. ఫైల్ సిస్టమ్ పరిమితి వల్ల పని పూర్తికాలేదంటూ 665 సంఖ్యతో లోపం చూపుతుంది. ఇళ్లలో ఇది అరుదే గాని, పెద్ద డేటాబేసులు నడిపే కార్యాలయాల్లో నిర్వాహకులు దీనితో తలపడవలసి వచ్చింది.

నివారణ సంగతికి వస్తే, ఈ ప్రసంగం ఇచ్చే ముఖ్యమైన సలహా ఒక్కటే: డిస్కులో ఎప్పుడూ తగినంత ఖాళీ ఉంచడం. విండోస్‌లోని డీఫ్రాగ్మెంటర్ సక్రమంగా పనిచేయడానికి పాత సంచికల్లో 15 శాతం ఖాళీ కావాలని అడిగేది. ఆ 15 శాతాన్ని నియమంగా పెట్టుకుంటే పట్టీకి పక్కనే పెరిగే వీలు మిగిలే అవకాశం ఎక్కువ. 500 గిగాబైట్లలో అది 75 గిగాబైట్లు. దుకాణాలవారు పని ముగిసిన దరఖాస్తుల స్కానులను నెలకొకసారి జిప్ చేసి ఒక్క ఫైలుగా మార్చి, వేరే డిస్కులోకి తరలిస్తే, వేల రికార్డులు ఖాళీ అయి కొత్త వాటికి పనికివస్తాయి, పట్టీ కొత్తగా పెరగనవసరం ఉండదు. స్కానులన్నీ ఒకే ఫోల్డరులో పోయకుండా నెలకొక ఫోల్డరు పెట్టుకోవడం కూడా మంచిదే. ఎందుకంటే ప్రతి ఫోల్డరుకూ తనదైన సూచిక ఒకటి ఉంటుంది, అది పెద్దదైతే అదీ ముక్కలవుతుంది.

జబ్బు వచ్చాక చేసే చికిత్స ఇంత సులువు కాదు. విండోస్ 2000తో వచ్చిన డీఫ్రాగ్మెంటర్ మామూలు ఫైళ్లను కలిపేది గాని మాస్టర్ ఫైల్ టేబుల్‌ను ముట్టుకునేది కాదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీ నుంచి పట్టీని కూడా జరిపే వీలు కలిగింది, దాని మొదటి ముక్కను తప్ప. పేజ్‌ఫైల్ విండోస్ నడుస్తున్నంత సేపూ వాడుకలో ఉంటుంది కనుక దాన్ని జరపాలంటే విండోస్ పూర్తిగా లేవకముందే పని కానివ్వాలి. ఆ రోజుల్లో సిస్ఇంటర్నల్స్‌వారి పేజ్‌డీఫ్రాగ్ అనే చిన్న సాధనం సరిగ్గా ఆ పనే చేసేది. పేజ్‌ఫైల్‌కు తేలికైన ఉపాయం ఒకటుంది: డిస్కులో ఖాళీ బాగా ఉన్నప్పుడే దాని కనిష్ఠ, గరిష్ఠ పరిమాణాలను ఒకే అంకెగా నిర్ణయిస్తే, అది పెరుగుతూ తరుగుతూ ముక్కలయ్యే అవసరం తప్పుతుంది.

పట్టీ ఎన్ని ముక్కలైందో తెలుసుకోవడం ఎవరికైనా సాధ్యమే. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి, డీఫ్రాగ్ అని టైపు చేసి, కొంచెం ఎడమిచ్చి సి, దాని వెంటనే కోలన్, మళ్లీ ఎడమిచ్చి ముందుకు వాలిన గీతతో ఎ, మళ్లీ ఎడమిచ్చి అదే గీతతో వి అని కొట్టి ఎంటర్ నొక్కాలి. ఎ అంటే పరీక్ష మాత్రమే, ఏదీ జరపవద్దని. వి అంటే వివరంగా చెప్పమని. వచ్చే నివేదిక చివరి భాగంలో మాస్టర్ ఫైల్ టేబుల్ అన్న శీర్షిక కింద దాని పరిమాణం, రికార్డుల సంఖ్య, మొత్తం ముక్కల సంఖ్య ఉంటాయి. ముక్కలు రెండో, అయిదో, పదో అయితే పట్టించుకోనవసరం లేదు. 200 మెగాబైట్ల చొప్పున కేటాయించే పద్ధతిలో ఆ మాత్రం సహజం. వందల్లోకి వెళితేనే ఆలోచించాలి. విస్టా నుంచి మామూలు ఫైళ్ల విషయంలోనూ 64 మెగాబైట్లకు మించిన ముక్కలను విండోస్ ముక్కలుగానే లెక్కించదు. అంత పెద్ద ముక్క చదివే సమయంతో పోలిస్తే ఒక దూకుడుకు పట్టే 12 మిల్లీసెకన్లు లెక్కలోకి రావు.

ఎస్‌ఎస్‌డీ ఉన్నవారికి ఈ ప్రసంగంలో చాలా భాగం వర్తించదు. అందులో తిరిగే పళ్లెం లేదు, జరిగే హెడ్ లేదు, కనుక దూకుడు ఖర్చు దాదాపు లేదు. విండోస్ 7 నుంచి అటువంటి డిస్కులకు వారంవారీ డీఫ్రాగ్మెంటేషన్‌ను ఆపేశారు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి అదే సాధనం ఎస్‌ఎస్‌డీని గుర్తుపట్టి ట్రిమ్ అనే వేరే పని చేస్తుంది, అంటే ఖాళీ అయిన గదుల సంగతి డిస్కుకు తెలియజేస్తుంది. పెన్‌డ్రైవుల్లో సాధారణంగా వాడే ఫ్యాట్32 పద్ధతిలో కేటాయింపుల పట్టీ డిస్కు మొదట్లోనే నిర్ణీత పరిమాణంలో ఉంటుంది కనుక అది ముక్కలయ్యే ప్రసక్తే లేదు. లైనక్సులోని ఎక్స్‌ట్4 కూడా ఫార్మాట్ చేసిన రోజునే ఫైళ్ల రికార్డులకు చోటు లెక్కగట్టి కేటాయించేస్తుంది; ఆ రికార్డులు నిండిపోతే డిస్కులో ఖాళీ ఉన్నా కొత్త ఫైలు పుట్టదు. పెరిగే వీలుంచితే ముక్కలయ్యే ప్రమాదం, ముందే కొలిచి ఇస్తే చాలకపోయే ప్రమాదం; రెండు పద్ధతులకూ తగిన మూల్యం ఉంది.

పట్టీ వందల ముక్కలైన డిస్కును మార్చి కొత్తది వేయించుకునేవారు బాగుచేసే మనిషికి ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. పాత డిస్కును సెక్టారు సెక్టారుగా కొత్త డిస్కులోకి క్లోన్ చేస్తే పట్టీ ముక్కలు కూడా ఉన్నవి ఉన్నట్టే కొత్త దానిలోకి వస్తాయి. కొత్త డిస్కును ఫార్మాట్ చేసి, విండోస్‌ను కొత్తగా ఎక్కించి, పత్రాలూ ఫొటోలూ మాత్రం ఫైళ్లుగా నకలు చేసుకుంటే అక్కడ పట్టీ మొదటి నుంచి కొత్తగా, ఒకే వరుసలో తయారవుతుంది. ఈ రెండో పద్ధతికి ఒక పూట ఎక్కువ పడుతుంది, ప్రోగ్రాములన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. కొత్త డిస్కు ఎస్‌ఎస్‌డీ అయితే మాత్రం ఆ శ్రమ అక్కరలేదు, క్లోన్ చేయించుకోవచ్చు.